ఉదయగిరి దుర్గం: దిగడానికి కాళ్ళు దాచుకోవాలి

ఉదయగిరి దుర్గం ఎక్కి వచ్చినవాళ్ళని ఎట్టుందని అడిగితే ఎక్కడం గురించే చెప్తారు. చెమట, ఆయాసం, పైన గాలి. మోకాళ్ళు వణికిందీ, బొటనవేలి గోరు నల్లబడిందీ దిగేటప్పుడన్న సంగతి గుచ్చి అడిగితే గానీ బయటికి రాదు. వెలికొండల్లోని ఈ కొండ ఎత్తు సముద్రమట్టానికి 3,079 అడుగులు. అంకె చిన్నదే, కొండ మాత్రం నిట్టనిలువు. పైభాగం చుట్టూ చరియలు గోడ కట్టినట్టు దిగిపోతాయి. వాటి మధ్య సందు దొరికిన చోటల్లా బాట దూరిపోతుంది. అందుకే దారి తెలిసిన మనిషి లేకుండా ఇక్కడికి రాకూడదు. గైడుతో కలిసి ఒక్క పగట్లో ఎక్కి దిగే పద్ధతి ఏదో, అందులో ఎక్కడ తేడా వస్తుందో నా అనుభవంలో చూసినంత మేరకు రాస్తున్నాను.

ముందు కాలం సంగతి. మన నెల్లూరు జిల్లాకి అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, వాయుగుండాలతో వస్తాయి. ఆ రోజుల్లో బండల మీద పాకుడు పడుతుంది, కోనల్లో వాగు ఎప్పుడు పొంగుతుందో తెలియదు. పొద్దున పాదం తడవని వాగు, పైన ఎక్కడో వాన కురిస్తే సాయంత్రానికి నడుం లోతు వస్తుంది. మార్చి దాటితే ఇంకో బాధ. పదకొండు గంటలకల్లా బండ కాలిపోతుంది, ఆ వేడి బూటు అడుగు దాటి అరికాలికి తెలుస్తుంది. కాబట్టి డిసెంబరు చివర్నుంచి ఫిబ్రవరి మొదటి వారం దాకా మంచి రోజులు. ఆ రోజుల్లో కూడా ముందు రెండు రోజులు వాన పడి ఉంటే మానేయడమే మంచిది. పైకి ఎండినట్టు కనిపించే బండకి నీడపట్టున తడి ఉంటుంది, జారేది అక్కడే.

నెల్లూరు నుంచి ఆత్మకూరు మీదుగా ఉదయగిరి సుమారు వంద కిలోమీటర్లు. పొద్దున బస్సెక్కి వచ్చి అదే రోజు ఎక్కుదామనుకుంటే ఎండ నెత్తికెక్కాకే నడక మొదలవుతుంది. ముందు రాత్రే ఉదయగిరి చేరి పడుకోవాలి. జనవరిలో పొద్దు ఆరున్నర దాటాక పొడుస్తుంది. టార్చి వెలుతురులో ఆరింటికి బయల్దేరితే అడుగుభాగంలోని ముళ్ళపొదల దారి చల్లపూటే దాటేస్తాం.

ముందు రోజు సాయంత్రం చేయాల్సిన పని ఇంకోటి ఉంది. ఈ కొండల్లో ఎర్రచందనం పెరుగుతుంది కాబట్టి, బ్యాగులతో అడవిలోకి పోయే గుంపు మీద అటవీ శాఖ వాళ్ళకి అనుమానం రావడంలో తప్పు లేదు. రేంజి ఆఫీసుకి పోయి అందరి పేర్లు, ఫోన్ నంబర్లు, దిగే సమయం రాసిచ్చి, వాళ్ళు సరేనన్నాకే ఎక్కాలి. ఆధార్ జిరాక్సులు దగ్గరుంచుకోవాలి. బ్యాగులో కత్తీ, గొడ్డలీ ఉండకూడదు. చేతికర్ర అడవిలో కొట్టుకోవచ్చులే అనుకోవద్దు. ఇంటి దగ్గర్నుంచే మోచేయి ఎత్తున్న వెదురు కర్ర తెచ్చుకోవాలి.

గైడు అంటే యూనిఫారం, ఈల ఉన్న మనిషిని ఊహించుకోవద్దు. మేకలు తోలుకుని ఆ వాలుల్లో తిరిగే మనిషి అందరికంటే మేలు. అతన్ని అడగాల్సిన ప్రశ్న "దారి తెలుసా?" అని కాదు. ఎవరైనా తెలుసనే అంటారు. "ఈ వానలు తగ్గినాక ఎప్పుడు ఎక్కినావు?" అని అడగాలి. వానలకి మెట్లు కొట్టుకుపోయి, పొదలు కమ్మేసి, నిరుటి బాట ఈ ఏడు ఉండకపోవచ్చు. డబ్బు మనిషికా, గుంపుకా అన్నది కిందే తేల్చుకోవాలి. అతని అన్నం, నీళ్ళు కూడా మనమే మోయాలి. అతను తెచ్చుకునేది భుజాన తువ్వాలు, చిన్న సీసాడు నీళ్ళు, అంతే. ఎనిమిది మంది దాటితే రెండో మనిషి కావాలి. ఒకరు ముందు, ఒకరు అందరికంటే వెనక. ఒక్కరే ఉంటే అతను ముందు నడిచి, గుంపులో బాగా నడవగలిగిన మనిషిని చివర్న పెట్టాలి. నెమ్మదిగా నడిచేవాళ్ళు గైడు వెనకే రెండో స్థానంలో ఉండాలి. అప్పుడే గుంపు వేగం వాళ్ళ వేగంగా ఉంటుంది. చాలామంది దీన్ని తలకిందులు చేస్తారు. నెమ్మది మనుషులు వెనకబడి, వాళ్ళు చేరేసరికి మిగతావాళ్ళు రెస్టు తీసుకుని లేస్తారు. అసలు అలసినవాళ్ళకే ఆగే వీలుండదు.

నీళ్ళు మనిషికి నాలుగు లీటర్లు. రెండు పెద్ద సీసాలు వద్దు, లీటరువి నాలుగు పెట్టుకుంటే బరువు రెండు పక్కలా సమంగా ఉంటుంది, ఒకటి పగిలినా మిగతావి దక్కుతాయి. నాలుగింట్లో ఒకదాంట్లో ఓఆర్ఎస్ ప్యాకెట్టు మొత్తం కలపాలి. లీటరుకి ఒక ప్యాకెట్టు, దాన్ని సగం సగం చేయకూడదు. ఇంకోదాంట్లో గూడూరు నిమ్మకాయ పిండి, ఉప్పు, కాస్త చక్కెర. ఉప్పు లేని నీళ్ళే కడుపునిండా తాగితే మధ్యాహ్నానికి పిక్కలు పట్టేస్తాయి, తల తిరుగుతుంది. ఎండదెబ్బేమో అనుకుని ఇంకా నీళ్ళే తాగిస్తారు, ఇంకా తిరుగుతుంది. నాలుగో సీసా మీద మూత దగ్గర రబ్బరు బ్యాండు వేసి పెట్టుకోండి. అది దిగడానికి, ఎక్కేటప్పుడు ముట్టకూడదు.

తిండికి పులిహోరని మించింది లేదు. పెరుగన్నం ఎండకి పులుస్తుంది. గుడ్లూ, వేపుళ్ళూ వాసనకి కోతుల్ని పిలుస్తాయి. వేరుశనగ చిక్కీ, జామకాయలు జేబులో ఉంచుకుని గంటకోసారి నాలుగు ముక్కలు నములుతుంటే కాళ్ళలో సత్తువ తగ్గదు. వీటితో పాటు క్రేప్ బ్యాండేజీ, ప్లాస్టరు చుట్ట, తలకి కట్టుకునే టార్చి, అలర్జీకి సెట్రిజిన్ మాత్రలు, రోజూ వేసుకునే మందులు. అన్నీ కలిపి ఏడు కిలోలు దాటితే ఏదో ఒకటి తీసేయాలి.

జీన్స్ వేసుకోకండి. చెమటకి తడిసిన జీన్స్ మోకాలి దగ్గర బిగుసుకుని, ఎత్తు మెట్టు మీద కాలు లేవనీయదు. బూట్లు పాతవైతే ముందు వారమే వేసుకుని ఐదారు కిలోమీటర్లు నడిచి చూడాలి. బీరువాలో రెండేళ్ళు పడున్న బూటు పైకి కొత్తగానే ఉంటుంది గానీ అడుగు అంటించిన గమ్ము ఎండి పొడై ఉంటుంది. అది సగం కొండలో నోరు తెరుస్తుంది. అందుకే ప్లాస్టరు చుట్ట. అడుగు ఊడినప్పుడు బూటు చుట్టూ మూడు పట్టీలు వేసి చుడితే ఊరిదాకా వస్తుంది. గైడు హవాయి చెప్పులతో ఎక్కుతాడు. అతని అరికాలు వేరు, మనది వేరు. ముందు రోజు రాత్రి కాలిగోళ్ళు కత్తిరించుకోవడం మాత్రం మరవొద్దు.

నడక మొదలయ్యేది కొండ పాదంలోని పాత గుళ్ళ పక్కన. రంగనాయకుల గుడి శిథిలాలు చూడాలనుకుంటే దిగొచ్చాక చూసుకోవచ్చు, పొద్దున్నే అక్కడ అరగంట పోగొట్టుకుంటే ఆ అరగంట పైన ఎండలో కట్టాలి. మొదటి గంట కలేపొదలు, నాగజెముడు, రాళ్ళబాట. కష్టమేమీ లేదు, అందుకే అందరూ ఇక్కడ తొందరపడతారు. మాట్లాడుతూ నడవగలిగినంత వేగమే సరైన వేగం. మాట తెగుతుందంటే కాలు వేగం తగ్గించాలి. ఈ భాగంలో జాగ్రత్త పడాల్సింది దురదగొండితో. చలికాలంలో దాని కాయలు ఎండి, గోధుమరంగు నూగు గాలికి రాలుతుంటుంది. చేతికి తగిలితే రుద్దకూడదు, గోకకూడదు, నీళ్ళతో తుడవకూడదు. ప్లాస్టరు ముక్క అంటించి లాగితే నూగు దాంతో పాటు వస్తుంది. ఒక్కసారి రుద్దారా, గంటసేపు వేరే ఆలోచన ఉండదు.

సీతాఫలం, రేగు చెట్లున్న చోట గుంపుగా, కాస్త చప్పుడు చేస్తూ నడవాలి. ఎలుగుబంటి పండ్లకీ, చెదపుట్టలకీ వస్తుంది. దాని చూపు అంతంతమాత్రం. మనిషి దగ్గరికొచ్చిందాకా గమనించక, ఉలిక్కిపడి మీదికొస్తుంది. దూరం నుంచే మాటలు వినపడితే అదే తప్పుకుంటుంది.

తర్వాత మెట్లు వస్తాయి. మెట్లంటే తిరుమల మెట్లు గుర్తు చేసుకోవద్దు. ఒకటి జానెడు, ఒకటి మోకాలెత్తు, ఒకటి అసలు ఉండదు. మోకాలెత్తు మెట్టుని ఒక్క ఊపున ఎక్కేవాళ్ళు మధ్యాహ్నానికి తొడలు పట్టుకుని కూర్చుంటారు. పక్కన చిన్న రాయి ఉంటుంది చూడండి, దాని మీద ఒక అడుగు వేసి రెండడుగుల్లో ఎక్కాలి. గైడు అట్టాగే ఎక్కుతాడు. అతని తోవ వంకరటింకరగా పోతుంది, వెనక మనం నిటారుగా ఎక్కి అతనికంటే తెలివైనవాళ్ళమనుకుంటాం.

చరియ పక్క బాట గురించి కొంచెం వివరంగా చెప్పాలి. శ్రీకృష్ణదేవరాయలు గజపతుల చేతిలోంచి ఈ కోట గుంజుకోవడానికి ఏడాదిన్నర ముట్టడి పట్టింది, 1514లో గానీ లొంగలేదు. మనిషి వెనక మనిషి తప్ప నడవలేనంత ఇరుకు దారి ఒక్కటే ఉండేదనీ, రాయలు పెద్ద పెద్ద గుండ్లు పగలగొట్టించి దాన్ని వెడల్పు చేయించి, ఇంకా చాలా దారులు తీయించాడనీ పోర్చుగీసు గుర్రాల వర్తకుడు నూనిజ్ రాసుకున్నాడు. ఆ మాట చదివి ఇక్కడికొస్తే ఏడాదిన్నర ఎందుకు పట్టిందో ఎవరూ చెప్పక్కర్లేదు. ఒక పక్క భుజానికి తగిలే బండ, రెండో పక్క చెట్ల తలలు కనిపించే లోయ. బాట చాలాచోట్ల మూడడుగులుంటుంది. సన్నబడేది కొన్ని చోట్లే, కానీ అక్కడే వంపు కూడా ఉంటుంది.

ఇక్కడ మనిషిని పడేసేది ఎత్తు భయమని అనుకుంటారు. నేను చూసినంతలో బ్యాగు. వీపు మీద ఉబ్బుగా ఉన్న బ్యాగు వంపు దగ్గర బండకి తగిలి, మనిషిని లోయవైపు నెడుతుంది. పక్కల్లో వేలాడదీసిన సీసా, చుట్టిన చాప, మెడలో కెమెరా, అన్నీ చరియ మొదలవక ముందే లోపల పెట్టి, నడుం పట్టీ బిగించుకోవాలి. కర్ర లోయవైపు చేతిలో ఉండకూడదు. కర్ర కింద నేల ఉందనుకుని ఆనితే అక్కడ గడ్డి మాత్రమే ఉంటుంది. బండవైపు చేతికి మార్చుకోవాలి, మరీ ఇరుకైతే వెనకవాళ్ళకి ఇచ్చేయాలి.

మనిషికీ మనిషికీ మధ్య రెండు బారల ఎడం. ఇరుకు చోట ఒక్కరే ఉండాలి, ఆ మనిషి దాటి "వచ్చినా" అన్నాకే తర్వాతి మనిషి అడుగు వేయాలి. గైడు వంపు దగ్గర నిలబడి చెప్పే మాటలు రెండే. "అన్నా, మొకం గోడకి పెట్టు. కాలు చూసుకో, కింద చూడమాక." రెండు చేతులు, రెండు కాళ్ళు, ఈ నాలుగింట్లో మూడు ఎప్పుడూ ఆని ఉండాలి, ఒక్కటే కదలాలి. చేతితో పట్టుకునే ముందు రాయిని అరచేత్తో తట్టి చూడాలి. బోలు చప్పుడు వస్తే అది కొండకి అతుక్కుని లేదన్నమాట. గడ్డిపరకలూ, ఎండు కొమ్మలూ పట్టుకోవడం అసలు పనికిరాదు. కాలికింద రాయి దొర్లితే సిగ్గుపడకుండా "రాయి!" అని అరవాలి. కింద ఉన్నవాళ్ళు తలెత్తి చూడకూడదు, బండకి అతుక్కుపోవాలి. తలెత్తి చూసేవాళ్ళకే మూతి పగులుతుంది.

కొందరు గైడ్లు నైలాన్ తాడు తెస్తారు. పైన చెట్టుకి కట్టి వదిలితే చేత్తో పట్టుకోవడానికి బాగుంటుంది, అంతవరకే. అందరూ నడుముకి కట్టుకుని వరసగా నడుద్దామని ఎవరన్నా అంటే ఒప్పుకోవద్దు. తాడుని బండకి బిగించే సరంజామా, అది తెలిసిన మనిషి లేనప్పుడు ఒకరు జారితే మిగతా వాళ్ళని ఆ తాడే లాక్కుపోతుంది.

ఎవరికైనా కాళ్ళు బిగుసుకుపోతే తిట్టడం, నవ్వడం, చేయి పట్టి లాగడం మూడూ తప్పే. అక్కడే బండకి వీపానించి కూర్చోబెట్టి, రెండు గుక్కల నీళ్ళిచ్చి, పది నిమిషాలు ఆగాలి. అప్పటికీ లేవకపోతే ఆ మనిషిని వెనక్కి తీసుకెళ్ళాలి. దాటించి పైకి తీసుకెళ్తే మళ్ళీ ఇదే చరియ మీద దిగాలి కదా, అప్పుడు అలసట కూడా తోడవుతుంది. రెండో గైడు ఉండాలనేది ఇందుకే.

చరియ నుదుటి కింద నల్లటి దుప్పటి వేలాడినట్టు కనిపిస్తే అది పెద్ద తేనెపట్టు. అక్కడ మాటలు ఆపి, వంగి, ఆగకుండా దాటాలి. సెంటు, ఘాటు వాసనల తలనూనె ఆ రోజుకి మానుకోవాలి. బీడీ ముట్టించకూడదు, డ్రోన్ ఎగరేయకూడదు. లేచాయంటే తువ్వాలు ముఖానికి కప్పుకుని, చేతులు ఆడించకుండా, వచ్చిన దారినే ఎంత దూరం పోగలిగితే అంత దూరం పోవాలి. చరియ అంచున పరుగు మాత్రం వద్దు. తేనెటీగ కంటే లోయ పెద్దది. ముల్లుని వెంటనే గోటితో గీకి తీసేయాలి. ఒళ్ళంతా దద్దుర్లు, ఊపిరాడకపోవడం కనిపిస్తే సెట్రిజిన్ మింగించి సరిపెట్టుకోకుండా 108కి ఫోన్ చేయాలి. అందుకే ఎక్కేటప్పుడే ఎక్కడెక్కడ సిగ్నల్ ఉందో గుర్తుపెట్టుకుంటూ పోవాలి.

కలిసికట్టుగా నడిచే గుంపుకి ఎక్కడానికి ఆగడాలతో కలిపి మూడు గంటలు, మూడున్నర గంటలు పడుతుంది. పైన మనిషికో దిక్కు చూపిస్తారు. కొండ మీద ఎనిమిది, కింద ఐదు, మొత్తం పదమూడు కోట కట్టడాలు ఉండేవి, అన్నీ ఒక్క పూటలో తిరగడం జరిగే పని కాదు. పారసీ శాసనాలున్న మసీదు, కోటగోడ, ఒక నీటిగుంట చూస్తే చాలు. గోడలు ఎక్కి ఫొటోలు దిగకండి. సున్నం గచ్చు రాలిపోయి రాళ్ళు ఒకదాని మీద ఒకటి ఊరికే కూర్చుని ఉన్నాయి. గుంటల అంచు గడ్డిలో కలిసిపోయి ఉంటుంది, కర్రతో పొడిచి చూస్తూ నడవాలి. ఆ నీళ్ళు ఎంత తేటగా ఉన్నా తాగడానికి కాదు, మేకలు దిగుతాయి. మొహం కడుక్కోండి, తువ్వాలు తడిపి మెడకి చుట్టుకోండి.

తిరిగే గడియ ఒంటిగంట. ఎక్కడున్నా సరే. ఆరుకి ముందే పొద్దుగూకుతుంది, కోనల్లో ఐదింటికే నీడ పడుతుంది, మెట్టుకీ నీడకీ తేడా తెలియదు. "ఇంకొక్క బురుజు చూసొద్దాం" అనేవాళ్ళు ప్రతి గుంపులో ఒకరుంటారు. పొద్దున్నే అందరి ముందూ ఈ గడియ చెప్పి ఉంచితే, అప్పుడు కాదనడం తేలిక.

దిగడానికి ముందు మూడు పనులు. తిన్నాక ఇరవై నిమిషాలు కూర్చోవాలి. బూటు లేసులు విప్పి, మడమ వెనక్కి తన్ని, చీలమండ దగ్గర బిగించి మళ్ళీ కట్టాలి. ఇది చేయకపోతే పాదం ముందుకి జారి ప్రతి అడుగుకీ గోరు బూటుకి కొట్టుకుంటుంది. మూడోది, రబ్బరు బ్యాండు వేసిన సీసా బయటికి తీయాలి.

దిగేటప్పుడు అడుగులు పొట్టిగా, మోకాలు కాస్త వంగి ఉండాలి. కాలు చాచి మడమ మీద దిగితే బరువంతా మోకాటి చిప్పకి పోతుంది. బండ మీద సన్న గులకరాళ్ళు, ఎండుటాకులు పరుచుకుని ఉన్న చోట ఆవాలు చల్లిన గచ్చు మీద నడిచినట్టే ఉంటుంది. కాలితో పక్కకి ఊడ్చి, ఖాళీ చేసుకున్న చోటే అడుగు పెట్టాలి. నిలువు మెట్ల దగ్గర మనం నిచ్చెన దిగినట్టు తిరిగి, ముఖం బండవైపు పెట్టి దిగడం సిగ్గుపడాల్సిన పని కాదు. కూర్చుని జరుగుతూ దిగడం చూడటానికి భద్రంగా ఉంటుంది గానీ బ్యాగు వెనక మెట్టుకి తట్టుకుని ముందుకి తోస్తుంది. ముందు బ్యాగు విప్పి కిందికి అందించి, తర్వాత దిగండి. కాళ్ళు వణుకుతున్నాయంటే తొడ కండరం అలసిందని అర్థం. వణికే కాళ్ళతో చరియ బాట దగ్గరికి పోకుండా, దానికి వంద గజాల ముందే ఆగి, చిక్కీ తిని, ఓఆర్ఎస్ తాగి, పావుగంట కూర్చోవాలి. నేను చూసిన జారుళ్ళలో ఎక్కువ భాగం చరియ మీద జరగలేదు. చరియ దాటేశాక, "అయిపోయిందిలే" అనుకుని కబుర్లలో పడిన రాళ్ళబాటలోనే చీలమండలు మెలిపడ్డాయి.

మెలిపడితే బూటు విప్పొద్దు. విప్పితే వాపుకి మళ్ళీ పట్టదు. బూటు మీదుగానే క్రేప్ బ్యాండేజీ ఎనిమిది అంకె ఆకారంలో చుట్టి, బ్యాగు వేరేవాళ్ళు మోసి, రెండు కర్రలిచ్చి నెమ్మదిగా నడిపించాలి. దిగడానికి మామూలుగా రెండున్నర గంటలు, ఇలాంటిది జరిగితే నాలుగు. ఒంటిగంట లెక్క అక్కడ పనికొస్తుంది.

కిందికి రాగానే తలకాయలు లెక్కపెట్టుకుని, రేంజి ఆఫీసుకి దిగామని ఫోన్ చేయాలి. అది మరిచిపోతే రాత్రి వాళ్ళు మనకోసం ఎదురుచూస్తారు. గైడుకి డబ్బు ఇచ్చాక టీ తాగించండి. వెలుతురు మిగిలి ఉంటే రంగనాయకుల గుడి చూడొచ్చు. ఉదయగిరి నుంచి రాయలు పట్టుకెళ్ళిన బాలకృష్ణుడి విగ్రహాన్నే హంపీలో గుడి కట్టి 1515లో ప్రతిష్ఠించాడు. ఊళ్ళో చెక్కగరిటెలు చేసేవాళ్ళ ఇళ్ళు ఉన్నాయి, ఉదయగిరి చెక్క వస్తువులకి జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. రెండు గరిటెలు కొనుక్కుంటే మోయడానికి బరువేమీ కాదు.

బస్సెక్కే ముందు ప్యాంటు అంచులు, సాక్సులు చూసుకోండి. ఉత్తరేణి గింజలు, పల్లేరు ముళ్ళు పట్టుకుని ఉంటాయి. దువ్వెనతో కింద నుంచి పైకి గీస్తే తేలిగ్గా వస్తాయి. అక్కడే దులిపేసుకోకుండా ఇంటికి తెచ్చి వాషింగ్ మెషీన్లో పడేస్తే, మర్నాడు ఇంట్లో అందరి లోపలి బట్టల్లోనూ అవే గుచ్చుకుంటాయి.